ముందు సామాను, తర్వాత సంచి



ఇవాళ హ్యాండ్‌బ్యాగుల గురించి మాట్లాడుకుందాం. పత్తి ధర, కంది పురుగు, వాన కబురు వినే రేడియోలో ఈ బ్యాగుల ముచ్చట ఏందని నవ్వకండి. పొద్దున పూట ధారూర్ బస్‌స్టాప్‌ దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. వికారాబాద్ పోయేవాళ్లు, తాండూర్ పోయేవాళ్లు, రైలెక్కి హైదరాబాద్ పోయేవాళ్లు. ఆడవాళ్లలో ఒట్టి చేతులతో ఉన్నవాళ్లు దాదాపు కనబడరు. ఏదో ఒక సంచి భుజాన ఉంటుంది. రోజుకు పది గంటలు మన ఒంటిని అంటుకుని ఉండే వస్తువు అది. దాని గురించి కాసేపు మాట్లాడుకోవడం తప్పేమీ కాదు.

ఇప్పుడు డిజైనర్ బ్యాగులని ఒక మాట బాగా వినిపిస్తోంది. పేరున్న కంపెనీలవి. కొన్ని వేలల్లో, కొన్ని లక్షల్లో. వీటి మీద అంత మోజు ఎందుకు? రోజువారీ పనికి అవి అక్కరకొస్తాయా? ఈ రెండూ తెలుసుకోవాలని చూస్తే నాకు చివరికి దొరికింది ఒక చిన్న మాట. ముందు సామాను, తర్వాత సంచి. ఈ మాట ఇవాళ మీకు నాలుగైదు సార్లు వినబడుతుంది. విసుక్కోకండి. పుస్తకమైతే పేజీ వెనక్కి తిప్పుకోవచ్చు. రేడియోను తిప్పలేరు కదా.

మొదట ఒక వేలంపాట కథ చెప్తాను.

2025 జులైలో పారిస్ నగరంలో ఒక పాత తోలు బ్యాగును వేలానికి పెట్టారు. నల్లటి బ్యాగు. కొత్తది కాదు. బాగా వాడింది. గీతలు పడింది. అంటించిన స్టిక్కర్ల మరకలు కూడా ఉన్నాయి. ధర ఎంత పలికిందో ఊహించండి. 86 లక్షల యూరోలు. మన డబ్బుల్లో ఎనభై కోట్లు దాటింది. ఎనభై వేలు కాదు, ఎనభై లక్షలు కాదు. ఎనభై కోట్లు.

ఆ బ్యాగు జేన్ బర్కిన్ అనే నటిది. పుట్టింది ఇంగ్లండ్‌లో, పేరు తెచ్చుకుంది ఫ్రాన్స్‌లో. ఆమె వెదురు బుట్టలాంటి అల్లిక బుట్ట ఒకటి పట్టుకుని తిరిగేది. ఎక్కడికి పోయినా అదే బుట్ట. 1980లలో ఒకసారి పారిస్ నుంచి లండన్‌కు విమానంలో పోతోంది. బుట్టలో సామానంతా కింద పడింది. పక్క సీట్లో కూర్చున్నాయన పేరు జాన్ లూయీ దూమా. ఎర్మెస్ అనే పెద్ద తోలు వస్తువుల కంపెనీకి ఆయన యజమాని. నాలాంటి తల్లికి సరిపోయే బ్యాగు మీ దగ్గర లేదు, పిల్లల సామాను పట్టేంత పెద్దది కావాలి అన్నదట ఆమె. విమానంలో వాంతి వస్తే పట్టుకోవడానికి కాగితపు కవర్లు ఇస్తారు చూడండి, ఆ కవరు మీదే బొమ్మ గీసుకున్నారని చెప్తారు. 1984లో ఆమె పేరుతోనే బ్యాగు తయారైంది. ఇవాళ ప్రపంచంలో డబ్బున్నవాళ్లు వరసలో నిలబడి కొనుక్కునే బ్యాగు అదే.

ఆ వేలంపాట బ్యాగులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. దాని పట్టీకి ఒక చిన్న గోళ్ల కట్టర్ వేలాడుతోంది. ఆమె గోళ్లు పెరగనిచ్చేది కాదట. కట్టర్ ఎప్పుడూ చేతికి అందాలని బ్యాగుకే కట్టించుకుంది. మన అమ్మలు తాళం చెవుల గుత్తికి పిన్నీసులు తగిలించుకోరూ? ఎనభై కోట్ల బ్యాగుకైనా అదే తెలివి.

ఇక్కడ ఒక్క సంగతి పట్టుకోండి. ఆ బ్యాగు ముందు పుట్టి, ఆ తర్వాత అందులో ఏం పెట్టుకోవాలా అని ఆమె వెతుక్కోలేదు. సామాను ముందు ఉంది. అది పట్టడానికి సంచి పుట్టింది. ముందు సామాను, తర్వాత సంచి.

పేరుపడ్డ బ్యాగుల కథలు చాలావరకు ఇట్లాగే ఉంటాయి. లూయీ విటాన్ కంపెనీ నోయే అనే బ్యాగు 1932లో చేసింది. ఒక షాంపేన్ వ్యాపారి ఐదు సీసాలు పట్టే సంచి కావాలన్నాడు. నాలుగు సీసాలు నిలబెట్టి, మధ్యలో ఒకటి తలకిందులుగా దూర్చేలా కుట్టారు. అంటే అది సారా సీసాల సంచి! ఇప్పుడు అమ్మాయిలు ముచ్చటపడి భుజాన వేసుకుంటున్నారు. షనెల్ అని ఇంకో పేరు వింటుంటారు. బ్యాగును చేతిలో పట్టుకుని తిరగడం, ఎక్కడో పెట్టి మరిచిపోవడం ఆ కంపెనీని స్థాపించినామెకు విసుగొచ్చింది. 1955 ఫిబ్రవరిలో గొలుసు పట్టీతో భుజానికి తగిలించుకునే బ్యాగు తెచ్చింది. ఆడవాళ్లకు రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. అదంతా ఫ్యాషన్ అని మనం అనుకుంటాం. మొదలు మాత్రం అవసరమే.

సరే, వాళ్ల సంగతి విన్నాం. మన దగ్గర ఏముండేది?

మన నాయనమ్మల ఆకువక్కల సంచి గుర్తుందా? పొరలు పొరలుగా గుడ్డ. ఆకులకు ఒక అర. వక్కలకు ఒక అర. సున్నపు డబ్బాకు వేరే చోటు. తంబాకుకు ఇంకోటి. లోపలి అరలో మడతపెట్టిన నోట్లు. రెండు పక్కలా తాళ్లు లాగితే మూతి బిగిసేది. చీకట్లో చెయ్యి పెట్టినా వక్క దగ్గరికే వేళ్లు పోయేవి, సున్నం డబ్బా దగ్గరికి కాదు. హైదరాబాద్ నవాబుల ఇళ్లలో అదే సంచికి పట్టు గుడ్డ, జరీ అంచు తొడిగి బటువా అన్నారు. పేరు మారింది, తాళ్లు మాత్రం అవే.

ఇక మన చుట్టూ ఉన్న తండాలు. లంబాడీ వాళ్ల పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన వర్తకులు. ఎద్దు వీపు మీద అటొకటి ఇటొకటి వేలాడే జంట సంచిని పెరికె అనేవాళ్లు. రెండు పక్కలా బరువు సమంగా ఉండాలి. లేకపోతే ఎద్దు నడవదు. ఊరు ఊరుకూ కదిలే మనుషులకు బీరువాలుండవు, పెట్టెలుండవు. సంచే బీరువా. అందుకే ఆ ఆడవాళ్లు గుడ్డ మీద గుడ్డ వేసి, అంగుళం ఖాళీ లేకుండా కుట్టి, అద్దాలు, గవ్వలు పొదిగి సంచులు చేసుకున్నారు. ఆ దట్టమైన కుట్టు అందం కోసమే కాదు. అంత దగ్గర దగ్గరగా కుట్టిన గుడ్డ తొందరగా చిరగదు. ఇవాళ ఫేటియా అనే పాత లంబాడీ లంగాల ముక్కలతో చేసిన బ్యాగులు మాదాపూర్ శిల్పారామంలో కనబడతాయి, విదేశాలకూ పోతున్నాయి. డిజైనర్ బ్యాగు అంటే దూరదేశపు వస్తువు అనుకుంటాం. దాన్ని కుట్టగల చేతులు మన పక్క తండాలోనే ఉన్నాయి.

అయితే ఒక లోటు కూడా చెప్పాలి, మొహమాటం ఎందుకు? ఆ బ్యాగుల అద్దాలు చున్నీకి, చీర కొంగుకు పట్టుకుంటాయి. బస్సులో పక్కామె జడకు కూడా పట్టుకుంటాయి. అందుకని కుట్టించుకునేటప్పుడు ఒంటికి ఆనే వైపు అద్దాలు వద్దని చెప్పండి. ముందు వైపు ఎన్నైనా పెట్టమనండి. పట్టీ కూడా కాస్త వెడల్పుగా కావాలనండి. సన్న తాడు భుజాన్ని కోస్తుంది.

ఇప్పుడు మోజు సంగతి.

ధారూర్ నుంచి పోయి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్న ఆడపిల్లను ఊహించుకోండి. మొదటి జీతాల్లో మిగిల్చుకుని ఒక మంచి బ్యాగు కొనుక్కుంది. పండక్కి ఇంటికొచ్చింది. తల్లి చేత్తో తడిమి చూసింది.

"ఎంత పెట్టినవ్ బిడ్డా?"

"తొమ్మిది వేలే అమ్మా."

"తొమ్మిది వేలా! గందుట్ల ఏం పడ్తది?"

మనం ఈ తల్లిని చూసి నవ్వుతాం. ఆమెకు ఫ్యాషన్ తెలియదంటాం. కానీ విమానంలో జేన్ బర్కిన్ అడిగింది కూడా అదే ప్రశ్న. ఇందులో ఏం పడుతుంది? తొమ్మిది వేలు ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి మాట. ముందు అడగాల్సింది తల్లి అడగనే అడిగింది.

అలాగని బిడ్డను తప్పుపట్టను. చీరలకు జేబులు ఉండవు. చుడీదార్లకూ చాలావాటికి ఉండవు. మన ముందు తరం వాళ్లు డబ్బును కొంగున ముడేసుకున్నారు, రొండిన దోపుకున్నారు, జాకెట్లో చిన్న పర్సు పెట్టుకున్నారు. ఇంట్లో బీరువా తాళం ఎవరి చేతికైనా పోవచ్చు. ఫోన్‌ను పిల్లలు లాక్కుంటారు. బ్యాగు జిప్పును మాత్రం ఎవరూ అడగకుండా తీయరు. మొగుడు కూడా, నీ బ్యాగులో చిల్లర ఉందా అని అడిగి ఊరుకుంటాడు, తానుగా చెయ్యి పెట్టడు. అది ఆమె సొంత అర. సొంత చోటు అందంగా ఉండాలని అనుకోవడం దుబారా అని నేను అనలేను. కొత్త ఆఫీసులో, ఎవరూ తెలియనిచోట, భుజాన మంచి బ్యాగుంటే నడకలో కాస్త ధీమా వస్తుంది. అది కూడా బ్యాగు చేసే పనే. ఆ పనికి వెల కట్టుకోవడం ఎవరి ఇష్టం వాళ్లది.

నా గొడవంతా ఒక్కటే. ఆ ధీమా కోసం కొన్న బ్యాగులో టిఫిన్ డబ్బా పట్టక, రెండో చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని పోయేవాళ్లు ఉన్నారు చూడండి, అక్కడ వస్తుంది చిక్కు. వేలు పెట్టి బ్యాగు కొన్నాం. సామాను మోసేది మాత్రం బట్టల దుకాణం వాడు ఊరికే ఇచ్చిన కవరు!

కాబట్టి ఏం చేయాలి? కొనే ముందు ఇంట్లో చాప మీద మీ రోజువారీ సామానంతా పరిచి చూడండి. ఊహించుకోవడం కాదు, నిజంగా పరచండి. రోజూ రైలెక్కే టీచరమ్మ సామాను చూద్దాం. లీటరు నీళ్ల సీసా. అదొక్కటే కిలో బరువు. టిఫిన్ డబ్బా. ఫోన్, చార్జర్. గొడుగు. కళ్లద్దాలు. చిల్లర పర్సు. వీటికి కావాల్సింది అడుగు భాగం వెడల్పుగా ఉండే బ్యాగు. డబ్బా పక్కకు ఒరిగితే పప్పు నూనె కారుతుంది, అందుకని అడుగు చదునుగా ఉండాలి. నీళ్ల సీసా నిలబడే అర కావాలి. లోపల కడిగితే పోయే అస్తరు కావాలి. ఆ అస్తరు రంగు కూడా చూసుకోండి. నల్లటి అస్తరుంటే నల్ల చార్జర్, నల్ల పర్సు ఏదీ కనబడదు. లేత రంగు అస్తరైతే సామాను కంటికి కనబడుతుంది. దుకాణంలో ఎవరూ దీన్ని పట్టించుకోరు. పై రంగు చూసి మురిసిపోతారు.

ఇంకొక చిన్న అర, బయటి వైపు, చెయ్యి వేయగానే అందేచోట. ఎందుకో చెప్తాను. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కండక్టర్‌కు గుర్తింపు కార్డు చూపించాలి, జీరో టికెట్ తీసుకోవాలి. నిండు బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో బ్యాగు అడుగున ఆధార్ కార్డు వెతకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? లండన్‌లోనో పారిస్‌లోనో గీసిన బ్యాగులో ఆధార్ అర ఉండదు. మన దర్జీ కుడితే ఉంటుంది.

ఇప్పుడు ఆశా కార్యకర్త సామాను. ఆమెవి రిజిస్టర్లు. రిజిస్టరు మడత పడదు. పొడవుగా ఉంటుంది. గుండ్రటి అడుగు ఉన్న ఫ్యాషన్ బ్యాగులో పెడితే మూలలు నలుగుతాయి, వానలో తడుస్తాయి. మహిళా సంఘం పుస్తకాలు మోసే వాళ్లదీ ఇదే బాధ. వాళ్లకు నలుచదరపు బ్యాగు కావాలి. పైన జిప్పు కావాలి, జిప్పు మీద మూత కూడా కావాలి. ఇంటింటికీ నడిచే పని కాబట్టి పట్టీ ఒక భుజం నుంచి ఇంకో వైపు నడుముకు అడ్డంగా రావాలి. ఒక్క భుజం మీదే వేలాడితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

మరి పెళ్లికి పోయేటప్పుడు? ఫోన్, రుమాలు, చదివింపుల కవరు, ఆటో డబ్బులు. అంతే కదా సామాను! అక్కడ అరచేతిలో ఇమిడే పర్సు చాలు. జరీ ఉండనీ, ముత్యాలుండనీ. పట్టుచీర మీదికి అందమే పని. అప్పుడు అందం చూసి కొనుక్కోండి, నేనేమీ అడ్డు చెప్పను. సామాను మారింది కాబట్టి సంచీ మారింది. మళ్లీ అంటున్నాను, ముందు సామాను, తర్వాత సంచి.

దుకాణానికి పోయేటప్పుడు ఆ సామాను వెంట తీసుకుపోండి. మొహమాటపడకండి. నీళ్లు నింపిన సీసా, టిఫిన్ డబ్బా కొత్త బ్యాగులో పెట్టి భుజాన వేసుకుని దుకాణంలోనే నాలుగడుగులు వేయండి. చెప్పులు కొనేటప్పుడు వేసుకుని నడవమా? ఖాళీ బ్యాగులన్నీ దుకాణం అద్దంలో బాగానే ఉంటాయి. వీలైతే ఖాళీ బ్యాగు బరువు కూడా చూడండి. దట్టమైన తోలు, ఇత్తడి కొక్కేలు, గొలుసులు ఉన్న పెద్ద బ్యాగు ఒట్టిదే బరువుంటుంది. జేన్ బర్కిన్ కూడా తన పేరు పెట్టిన బ్యాగు గురించి, నింపితే మహా బరువని తర్వాత చెప్పుకుంది. పేరు ఆమెది, భుజం నొప్పి కూడా ఆమెదే.

ఇక గట్టిదనం. బ్యాగు మధ్యలో చిరగడం మీరెప్పుడైనా చూశారా? అరుదు. పోయేది ఎప్పుడూ అతుకుల దగ్గర. హ్యాండిల్ బ్యాగును పట్టుకునే చోట, జిప్పు చివర్లలో, అడుగు మూలల్లో. కొనేటప్పుడు కంపెనీ పేరు కన్నా ముందు ఆ మూడు చోట్ల కుట్టు చూడండి. హ్యాండిల్ దగ్గర నలుచదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేసి కుట్టారంటే ఆ చెయ్యి తెలిసిన చెయ్యి. ఒక్క వరస కుట్టు మాత్రమే ఉంటే జాగ్రత్త.

ఇందాక చెప్పిన ఎర్మెస్ కంపెనీ 1837లో గుర్రాల పగ్గాలు, కళ్లేలు కుట్టే కార్ఖానాగా మొదలైంది. తర్వాత జీనులూ కుట్టింది. పరుగెత్తే గుర్రం మీద జీను కుట్టు తెగితే మనిషి కింద పడతాడు. అందుకే ఒక్క దారానికి రెండు చివర్లా రెండు సూదులు పెట్టి, ఒకే బెజ్జంలోంచి అటూ ఇటూ లాగి కుడతారు. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు పట్టుకునే ఉంటుంది. ఇప్పటికీ వాళ్ల బ్యాగులను చేత్తో అలాగే కుడతారు. ఆ ధరలో పేరు కోసం ఇచ్చేది ఎక్కువే. కుట్టు కోసం ఇచ్చేది కూడా కొంత ఉంది.

మనకు ఆ ధర అక్కర్లేదు. ఆ ఆలోచన తీసుకుంటే చాలు. ఐదారు వందలు పెట్టి బ్యాగు కొన్నారా? వాడకముందే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకుపోండి. హ్యాండిల్ నాలుగు చోట్ల మైనం పట్టించిన దారంతో చేతి కుట్టు వేయించండి. ఆరెతో ఆయన వేసే కుట్టు మిషన్ కుట్టుకు తీసిపోదు. జిప్పు బిగుసుకుంటే బ్యాగు పారేయకండి. చాలాసార్లు జిప్పుకేమీ కాదు, రన్నర్ అరిగిపోతుంది. రన్నర్ మారిస్తే సరిపోతుంది. తాండూర్ వైపు నాపరాయి పాలిష్ దుమ్ములో తిరిగేవాళ్ల జిప్పులు ఊరికే పట్టేస్తుంటాయి. పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపి, జిప్పు పళ్ల మీద కొవ్వొత్తి ముక్క రుద్దండి. నూనె మాత్రం రాయకండి. దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

తోలా, రెగ్జినా అన్నది ఇంకో ప్రశ్న. చూడ్డానికి తోలులాగే ఉండి, రెండేళ్లకు పొట్టు పొట్టుగా రాలిపోయే బ్యాగు మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. గుడ్డ మీద పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ పూత పూస్తారు. గాలిలో తేమకు, ఎండ వేడికి ఆ పూత విడిపోతుంది. విచిత్రం ఏమిటంటే, వాడకుండా బీరువాలో దాచినా అది విడిపోతుంది. కూతురి పెళ్లికి పనికొస్తుందని దాచుకుంటే, తీసేసరికి చేతులకు నల్ల పొట్టు అంటుతుంది. కాబట్టి అలాంటి బ్యాగు కొంటే వాడేయండి, దాచకండి. నిజమైన తోలును దాచుకోవచ్చు. కాకపోతే వానాకాలం అనంతగిరి తేమ గాలికి దానికి బూజు పడుతుంది. ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత నూలు గుడ్డలో చుట్టి, లోపల వార్తాపత్రిక ఉండలు కుక్కి పెట్టండి. అప్పుడప్పుడు నీడలో గాలికి ఉంచండి. ఎండలో పెడితే తోలు బిరుసెక్కుతుంది.

ఇంకో మాట వింటే మన పత్తి రైతులు ఆశ్చర్యపోతారు. లూయీ విటాన్ గోధుమరంగు బ్యాగులు, మీద అక్షరాలు, పూలు అచ్చేసి ఉంటాయి చూడండి, లక్షల ధర. వాటిలో చాలావాటి ఒళ్లు తోలు కాదు. నూలు గుడ్డ. పత్తితో నేసిన గట్టి గుడ్డకు ప్లాస్టిక్ పూత. తోలు పట్టీలకు, అంచులకు మాత్రమే. గుడ్డ సంచి అంటే తక్కువ చూపు చూడాల్సిన పనేమీ లేదు.

ఆ అక్షరాల కథ కూడా వినండి. ఆ కంపెనీ వాళ్ల పెట్టెలకు దొంగ నకళ్లు వస్తున్నాయని 1896లో ఆ అక్షరాల అచ్చు మొదలుపెట్టారు. నకలు ఆపడానికి వేసిన గుర్తు అది. ఇవాళ అంతకన్నా ఎక్కువ నకలు కొట్టే గుర్తు ఇంకోటి దొరకడం కష్టం! నగరంలో ఫుట్‌పాత్‌ల మీద, జాతర దుకాణాల్లో కనబడుతూనే ఉంటుంది. అడిగితే ఫస్ట్ కాపీ అంటారు. ఇంకొకరి గుర్తు వేసి సరుకు అమ్మడం మన 1999 ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. కొన్నవాళ్లకు ఏం దొరుకుతుంది? బిల్లు ఉండదు. జిప్పు పోతే అడగడానికి మనిషి ఉండడు. మూడు వేలు పెట్టి దొంగ పేరు కొనేకన్నా, అదే మూడు వేలతో పేరు లేని గట్టి బ్యాగు వస్తుంది. మన దేశపు కంపెనీల అసలు బ్యాగులు కూడా వస్తాయి. పుదుచ్చేరిలో 1978లో చిన్నగా మొదలై, తోలు బ్యాగులకు పేరు తెచ్చుకున్న హైడిజైన్ లాంటివి ఉన్నాయి, ధర కాస్త ఎక్కువే అయినా. ఎవరో చూస్తారని దొంగ అక్షరాలు మోయడం నాకైతే అర్థం కాదు. చూసేవాళ్లకు తెలిసిపోతుంది కూడా.

ధర లెక్క ఒక్క నిమిషం. ఆరు వందల బ్యాగు ఏడాది వస్తుందనుకోండి. మూడు వేల బ్యాగు ఐదేళ్లు వస్తుందనుకోండి. లెక్క సమానమే. ఖరీదైనది కొంటే ఆదా అని దుకాణంవాళ్లు చెప్పేది ప్రతిసారీ నిజం కాదన్నమాట. ఐదేళ్లూ ఆ బ్యాగు మీ సామాను మోస్తేనే ఆ లెక్క నిలుస్తుంది. కొన్న మూడో నెలకే అటక ఎక్కితే అది మూడు నెలల బ్యాగు. ఎంత పెట్టి కొన్నా సరే. అది ఎందుకు అటకెక్కుతుంది? సామాను పట్టక. అందుకే అంటున్నాను, ముందు సామాను, తర్వాత సంచి.

ఊళ్లో కుట్టించుకోవాలనుకునేవాళ్లకు చివరగా రెండు మాటలు. దర్జీకి బొమ్మ చూపిస్తే బొమ్మలాంటి బ్యాగు కుడతాడు. సామాను చూపిస్తే దానికి సరిపడే బ్యాగు కుడతాడు. కాబట్టి మీ రిజిస్టరు, మీ డబ్బా, మీ సీసా ఆయన మేజా మీద పెట్టండి. పాత జీన్ ప్యాంటు ఇస్తే అడుగుకు వాడతాడు. పట్టుచీర అంచు మిగిలితే పై మూతకు పనికొస్తుంది. అస్తరు లేత రంగు అని గట్టిగా చెప్పండి. ఆధార్ కార్డుకు బయటి అర, దానికి చిన్న జిప్పు. హ్యాండిల్ దగ్గర ఇంటూ కుట్టు. తండాలో కుట్టుపని తెలిసిన అక్క ఉంటే ముందు వైపు గుడ్డ ముక్క ఆమె చేత కుట్టించుకుని, దాన్ని దర్జీకి ఇవ్వండి. చేతి పనికి ఆమె అడిగిన కూలి ఇవ్వండి. దుకాణంలో ధర చీటీ చూసి నోరెత్తని మనం, తండాలో మాత్రం వందకూ యాభైకీ బేరమాడతాం. అలా చేయకండి. పండగ ముందు దర్జీలకు తీరిక దొరకదు, జాకెట్ల గుట్టలుంటాయి. సంక్రాంతికి బ్యాగు కావాలంటే చాలా ముందే పోయి చెప్పండి, బయానా కూడా ఇచ్చి రండి.